గ్రాముల సరకు, క్వింటాళ్ల లెక్క

ఖమ్మం వ్యవసాయ మార్కెట్‌లో మిరప, పత్తి దించిన బండ్లు తిరుగు ప్రయాణంలో ఖాళీగా పోవు. ఎరువు కట్టలో, ఉప్పు బస్తాలో, పశువుల దాణాయో ఎక్కించుకుని పోతాయి. ఆ దాణా బస్తా పక్కన ఇప్పుడు ఒక చిన్న సంచి కూడా కనిపిస్తున్నది. కిలో రెండు కిలోల సంచి, లేదా అయిదు లీటర్ల డబ్బా. బస్తాతో పోలిస్తే తూకం లెక్కలోకి రాదు. కిలో ధర మాత్రం దాణా ధరకు అనేక రెట్లు. దుకాణాల్లో దీనిని ‘మందు సరకు’ అంటారు. కంపెనీలు ‘ఫీడ్ ఎడిటివ్’ అంటాయి. మేతలో కొద్దిగా కలిపితే ఆ మేత పనితనాన్ని పెంచే పదార్థం అని అర్థం చెప్పుకోవచ్చు.

ఇటీవల పట్టణంలోని ఒక దాణా దుకాణంలో ధరవరలు రాసుకుంటుండగా ములకలపల్లి వైపు నుంచి ఒక పాడి రైతు వచ్చాడు. ఇంట్లో మూడు గేదెలు. అందులో ఒకటి ఈని అయిదు నెలలు దాటినా ఎదకు రాలేదు.

“మంచి కాల్షియం డబ్బా ఉంటే ఇయ్యి సేటూ.”

దుకాణదారు మూడు రకాలు బల్ల మీద పెట్టాడు. ఒకటి డబ్బా, రెండు సంచులు.

“ఏది తీసుకోమంటవు?”

“అన్నీ ఒకటే పెద్దాయనా. ఇది ఎక్కువ పోతున్నది.”

రైతు మూడింటినీ చేత్తో ఎత్తి చూశాడు. ధర తక్కువ ఉన్న సంచి వైపు మొగ్గాడు. మూడింటి మీదా లెక్కలు అచ్చయి ఉన్నాయి, ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో. ఆ లెక్కలు చదవడమే ఈ వారం పాఠం.

కట్టుగొయ్య వెంట నడిచే మార్కెట్

ఈ సరకుకు గిరాకీ ఎందుకు పెరిగిందో చెప్పడానికి రెండు అంకెలు చాలు. 2014-15లో దేశంలో కోడిగుడ్ల ఉత్పత్తి 7,848 కోట్లు. 2023-24 నాటికి 14,277 కోట్లకు చేరింది. అదే కాలంలో పాల ఉత్పత్తి 14.63 కోట్ల టన్నుల నుంచి 23.93 కోట్ల టన్నులకు పెరిగింది. గుడ్లలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం, తమిళనాడు రెండు, తెలంగాణ 12.88 శాతం వాటాతో మూడు. ఇన్ని గుడ్లు పెరటి కోళ్లు పెట్టినవి కావని వేరే చెప్పనవసరం లేదు.

పెరటి కోడి గింజతోపాటు పురుగును, ఆకును, మట్టిని ఏరుకు తింటుంది. తనకు తక్కువైనదాన్ని తానే వెతుక్కుంటుంది. బోనులో ఉన్న కోడికి ఆ అవకాశం లేదు. తొట్టిలో ఏది వేస్తే అదే దాని లోకం. పశువుల సంగతీ అంతే. చర్ల, దుమ్ముగూడెం వైపు గూడేల పశువులు పొద్దున అడవికి పోయి పది రకాల ఆకు మేసి సాయంత్రానికి తిరిగి వస్తాయి. పాలు తక్కువే, కాని వాటికి సంచి కొనాలన్న ఆలోచన ఎవరికీ రాదు. వైరా, మధిర వైపు కాలువ కింద కట్టేసిన గేదెకు వరిగడ్డి, తవుడు, పత్తి చెక్క తప్ప వేరే మేత తెలియదు. అంటే, పశువును కట్టుగొయ్యకు కట్టినప్పుడే ఈ మార్కెట్ పుట్టింది. కట్టుగొయ్య అడవి అంచుకు జరుగుతున్నకొద్దీ సంచి కూడా అటే జరుగుతున్నది. ములకలపల్లి రైతు ఖమ్మం దాకా రావడానికి కారణం ఇదే.

కాల్షియం పేరుతో కొనేదేమిటి?

గేదె పాలలో లీటరుకు దాదాపు 1.8 గ్రాముల కాల్షియం, గ్రాముకు కాస్త పైన భాస్వరం ఉంటాయి. రోజుకు అయిదు లీటర్లు పితికితే 9 గ్రాముల కాల్షియం, 5, 6 గ్రాముల భాస్వరం చెంబులోకి పోతాయి. ఒంటి అవసరం దీనికి అదనం. వరిగడ్డిలో భాస్వరం బహు తక్కువ. ఉన్న కాల్షియాన్ని కూడా గడ్డిలోని ఆక్జలేట్లు కొంత పట్టి ఉంచుతాయి. తవుడులో భాస్వరం దండిగా ఉంది, కాల్షియం లేదు. కనుక గడ్డి మాత్రమే తినే గేదెకు ఒక లోటు, తవుడు బాగా పడే గేదెకు మరో లోటు. జింకు, రాగి లోటు రెండింటికీ ఉండవచ్చు. బెంగళూరులో 1995లో ఏర్పడిన జాతీయ పశు పోషణ, శరీరధర్మ శాస్త్ర సంస్థ వంటివి ప్రాంతానికో మిశ్రమం కావాలని చెప్పడం అందుకే.

భారత ప్రమాణాల సంస్థ ఖనిజ మిశ్రమానికి ఐ.ఎస్. 1664 అనే ప్రమాణం ఇచ్చింది. దాని ప్రకారం కాల్షియం 20 శాతానికి, భాస్వరం 12 శాతానికి తగ్గరాదు. ఈ రెంటిలో ఖరీదైనది భాస్వరం. కాల్షియం సున్నపురాయి పిండిలో 38 శాతం దాకా ఉంటుంది, అది ఎక్కడైనా చవక. భాస్వరం మాత్రం రాక్ ఫాస్ఫేట్ నుంచి తీయాలి. ఆ రాయిలో అధిక భాగం మనం జోర్డాన్, మొరాకో, ఈజిప్టు వంటి దేశాల నుంచి దిగుమతి చేసుకుంటున్నాము. అందువల్ల సంచి ధర తగ్గించదలచినవాడు ముందుగా కోత పెట్టేది భాస్వరం మీదనే.

బి.కాం.లో కాస్టింగ్ పాఠం చెప్పిన మా మాస్టారు, ధర అడిగే ముందు ‘దేని ధర?’ అని అడగమనేవారు. ఇక్కడ అదే పనికి వచ్చింది. ఒక సంచి కిలో రూ. 90, భాస్వరం 12 శాతం అనుకుందాం. రెండో సంచి కిలో రూ. 60, భాస్వరం 4 శాతం. (లెక్క కోసం అనుకున్న ధరలివి. మీ ఊరి ధరలు వేసుకుని చూసుకోవచ్చు.) మొదటి కిలోలో 120 గ్రాముల భాస్వరం ఉంది, గ్రాము 75 పైసలు పడింది. రెండో కిలోలో 40 గ్రాములే ఉంది, గ్రాము రూపాయిన్నర పడింది. చవక సంచి సరిగ్గా రెట్టింపు ఖరీదు. మిగిలిన తూకమంతా చాలావరకు సున్నపురాయి పిండి. దానితో వాకిట్లో ముగ్గు వేసుకోవచ్చు.

ఇక డబ్బా సంగతి. అయిదు లీటర్ల డబ్బా రూ. 500, నూరు మిల్లీలీటర్లకు 3 గ్రాముల కాల్షియం అని లేబుల్ మీద ఉన్నదనుకోండి. రోజుకు నూరు మిల్లీలీటర్లు పోస్తే రూ. 10 ఖర్చు, 3 గ్రాముల కాల్షియం వచ్చింది. మొదటి సంచి నుంచి రోజుకు 50 గ్రాములు దాణాలో కలిపితే రూ. 4.50 ఖర్చు, 10 గ్రాముల కాల్షియం, 6 గ్రాముల భాస్వరం, పైగా జింకు, రాగి, అయోడిన్ వచ్చాయి. డబ్బా ఎందుకు ఎక్కువ పోతున్నదని దుకాణదారును అడిగితే, “తాగించడం కండ్లకు కనిపిస్తుంది కదా” అన్నాడు. వ్యాపారంలో ఇదొక పెద్ద సూత్రమే అనుకోవాలి. అయితే ఈనగానే జ్వరపు వాతంతో పడిపోయిన గేదెకు కావలసినది డబ్బా కాదు, సంచీ కాదు. పశువైద్యుడు రక్తనాళంలోకి ఎక్కించే కాల్షియం కావాలి. అక్కడ గంటలు లెక్క.

చవక భాస్వరంలో మరో ప్రమాదం ఉంది. శుద్ధి చేయని రాతి పొడి కలిపితే భాస్వరం శాతం కాగితం మీద సరిపోతుంది, కాని దానితోపాటు ఫ్లోరిన్ వస్తుంది. మిశ్రమంలో ఫ్లోరిన్ 0.07 శాతం మించరాదని ప్రమాణం. ఫ్లోరిన్ ఎముకలను ఏం చేస్తుందో నల్లగొండ జిల్లాను ఎరిగినవారికి చెప్పాలా?

గేదె ఎద తప్పితే మళ్లీ 21 రోజులు ఆగాలి. ఆ 21 రోజులకు ఖనిజ మిశ్రమం ఖర్చు రూ. 95 లోపు. వట్టిపోయిన గేదె మేపు రోజుకు రూ. 100 అనుకుంటే ఒక్క ఎద తప్పినందుకు నష్టం రూ. 2,100. ఎద రాకపోవడానికి ఖనిజాల లోటు ఒక్కటే కారణం కాదు. కడుపులో పురుగులు, మేత చాలకపోవడం, వేసవిలో గేదె మూగ ఎద చూపడం కూడా ఉన్నాయి. సంచి కొనే ముందు పశువైద్యశాలలో చూపిస్తే కొన్నిసార్లు సంచి ఖర్చే తప్పుతుంది.

కోడికి అందని భాస్వరం

పాడి రైతు సంచి కొంటాడు. కోళ్ల వ్యాపారంలో లెక్క టన్నుకు ఉంటుంది. మొక్కజొన్న, తవుడు, చెక్కల్లోని భాస్వరంలో అధిక భాగం ఫైటేట్ అనే తాళంలో ఉంటుంది. గేదె కడుపులోని సూక్ష్మజీవులు ఆ తాళం తీయగలవు. కోడి తీయలేదు. కాబట్టి మేతలో భాస్వరం ఉండగానే, దానిపైన డైకాల్షియం ఫాస్ఫేట్, వర్తకుల మాటలో డి.సి.పి., కొని కలపవలసి వచ్చేది. లోపలి భాస్వరం రెట్టలో పోయేది. నెదర్లాండ్స్‌లో ఆ రెట్ట నేలను, నీటిని పాడుచేస్తున్నదని చట్టాలు బిగిసినప్పుడు, 1991లో, ఫైటేజ్ అనే ఎంజైము మార్కెట్‌లోకి వచ్చింది. తాళం తీసే పని దానిది.

లెక్క చూడండి. గ్రాములో 5,000 యూనిట్లున్న ఫైటేజ్ టన్ను మేతకు 100 గ్రాములు వేస్తే కిలోకు 500 యూనిట్లు. దానితో మేతలో 0.1 శాతం భాస్వరం, అంటే టన్నుకు కిలో, కోడికి అందుబాటులోకి వస్తుంది. కిలో భాస్వరానికి 18 శాతం డి.సి.పి. దాదాపు 5.5 కిలోలు కావాలి. కిలో రూ. 50 అనుకుంటే రూ. 275. ఫైటేజ్ కిలో రూ. 400 అనుకుంటే 100 గ్రాములకు రూ. 40. డి.సి.పి. తీసేసినందువల్ల పోయిన కాల్షియం కోసం 3.3 కిలోల సున్నపురాయి, రూ. 13. టన్నుకు మిగులు రూ. 222. నూరు గ్రాముల పొడి అయిదున్నర కిలోల సరకును గోదాము నుంచి వెళ్లగొట్టింది. 2007లో టన్ను 50 డాలర్ల లోపు ఉన్న రాక్ ఫాస్ఫేట్ 2008లో 400 డాలర్లు దాటినప్పుడు, అంతదాకా తటపటాయించిన మేత మిల్లులు కూడా ఈ పొడి వైపు తిరిగాయి. ఎడిటివ్‌ల మార్కెట్ పెరిగేది చాలాసార్లు ఇలాగే. దాని ప్రచారం వల్ల కాదు, అది తొలగించగల సరకు ధర పెరగడం వల్ల.

సోయాచెక్కకూ, లైసిన్‌కూ ఉన్న సంబంధం ఇదే. మూడు కిలోల లైసిన్ పొడి, 97 కిలోల మొక్కజొన్న కలిపితే, లైసిన్ మట్టుకు, 100 కిలోల సోయాచెక్కకు సాటి అని అమెరికా పందుల రైతులది ఒక పాత లెక్క. 2021లో సోయాచెక్క ధర మండిపోయి కేంద్రం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయాచెక్క దిగుమతికి అనుమతించిన రోజుల్లో ఈ లెక్కను ఇక్కడి మిల్లులు కూడా తిరగేశాయి. విటమిన్ల బాధ వేరు. ప్రపంచంలో వాటిని చేసే ఫ్యాక్టరీలు కొద్ది. జర్మనీలో రైన్ నది ఒడ్డున లుడ్విగ్స్‌హాఫెన్‌లో 2017 అక్టోబరులో ఒక యూనిట్ కాలిపోతే విటమిన్ ఏ ధర కొన్ని రెట్లు పెరిగింది. 2024 జులైలో అక్కడే మళ్లీ పేలుడు, మళ్లీ ఏ, ఈ విటమిన్లకు కటకట. సత్తుపల్లి దగ్గర షెడ్డులో కోడి తినే మేతలో రైన్ ఒడ్డు సరకు ఉన్నదని చాలామందికి తెలియదు.

బ్రాయిలర్ రైతుకు ఈ కొనుగోళ్లలో మాట లేదు. కోడిపిల్ల, మేత, మందు కంపెనీవి. షెడ్డు, కరెంటు, చాకిరీ రైతువి. కాని కూలి లెక్క మాత్రం కిలో మాంసానికి ఎంత మేత పట్టిందన్నదాని మీద ఉంటుంది. ఆ నిష్పత్తి 1.65 నుంచి 1.60కి తగ్గితే 2.2 కిలోల కోడికి 110 గ్రాముల మేత మిగులు. 5,000 కోళ్లకు 550 కిలోలు. మేత కిలో రూ. 40 అయితే రూ. 22,000. మేతలో ఏమి మారినందువల్ల ఇది వచ్చిందో, ఏమి తగ్గించినందువల్ల పోయిందో రైతుకు తెలిసే దారి లేదు. బస్తా మీద రాసిన దినుసుల పట్టికను భద్రపరచుకోవడం, కోళ్లు వెనకబడ్డ బ్యాచ్‌లో బస్తా నెంబరు రాసిపెట్టుకోవడం ఒక్కటే అతని చేతిలో ఉన్న పని.

తడి మొక్కజొన్న ఎవరి ఖర్చు?

ఈ జిల్లా మార్కెట్‌కు నిజంగా దగ్గరి విషయం బూజు. వానాకాలం మొక్కజొన్న కోతకు వచ్చేసరికి వానలు వెళ్లవు. యాసంగి పంట కళ్లాల మీద ఉండగా గాలివాన రావడం ప్రతి ఏడూ చూసేదే. తడి గింజ మీద పట్టే ఒక జాతి బూజు అఫ్లాటాక్సిన్ అనే విషం చేస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండిలో దీని జాడ దొరికింది. దాణాలో దీని పరిమితి 20 పి.పి.బి. టన్నుకు 20 మిల్లీగ్రాములన్నమాట. ఇక్కడ గ్రాములు కూడా పెద్ద లెక్కే.

ఇది పశువుల ముచ్చట అని తీసిపారేయడానికి వీలు లేదు. 1974లో రాజస్థాన్‌లోని బన్‌స్వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల భిల్లు గ్రామాల్లో అకాల వర్షాలకు తడిసిన మొక్కజొన్న తిని కామెర్లతో మనుషులు పడిపోయారు. 397 మంది రోగుల్లో 106 మంది చనిపోయారు. కుక్కలు కూడా చచ్చాయి. కారణం తేల్చినవారు మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు. తిన్నవారు తమ చేలో పండిన గింజే తిన్నారు. అంతకన్నా మంచిది కొనుక్కునే శక్తి వారికి లేదు.

కాగా మిల్లుల వద్ద దీనికి విరుగుడు ‘టాక్సిన్ బైండర్’. బెంటొనైటు వంటి బంకమన్ను, ఈస్టు పొట్టు కలిపిన పొడి. కడుపులో విషాన్ని పట్టి రెట్టలో బయటికి పంపుతుంది. టన్నుకు కిలో నుంచి రెండు కిలోలు. ఇప్పుడు దీని అర్థశాస్త్రం చూద్దాం. 18 శాతం తేమ ఉన్న క్వింటాల్ మొక్కజొన్నను 14 శాతానికి ఎండబెడితే 95.35 కిలోలవుతుంది. 4.65 కిలోలు ఆవిరి. 2025-26 మద్దతు ధర రూ. 2,400 మీద అది రూ. 112. ఎండబెట్టే కూలి, టార్పాలిన్ వేరు. మిల్లుకు బైండర్ కిలో రూ. 60 చొప్పున టన్నుకు కిలోన్నర వేస్తే రూ. 90. అంటే క్వింటాల్‌కు రూ. 9. కొనేవాడు తేమకు కోసే కోత ఎండబెడితే పోయే రూ. 112 కన్నా తక్కువగా ఉన్నంతకాలం రైతు ఎండబెట్టడు. మిల్లువాడికి రూ. 9తో పని జరుగుతుందన్న ధీమా ఉన్నంతకాలం అతడూ గట్టిగా అడగడు. ఎవరి లెక్క వారికి సరిగానే ఉంది. కలిపి చూస్తే తప్పు.

ఎందుకంటే బైండర్ అన్ని విషాలనూ పట్టదు. మట్టి రకాలు అఫ్లాటాక్సిన్‌ను బాగా పడతాయి. ఫ్యుమొనిసిన్, టి-2 వంటి ఇతర బూజు విషాల మీద వాటి పని అంతంత మాత్రం. బూజు తినేసిన కొవ్వును, విటమిన్లను అది తిరిగి తేలేదు. పాడి పశువు తిన్న విషంలో కొంత రూపం మార్చుకుని పాలలో తేలుతుంది. 2018లో ఆహార భద్రత సంస్థ దేశవ్యాప్తంగా 6,432 పాల నమూనాలు పరీక్షిస్తే 368 నమూనాల్లో ఈ విషం పరిమితి దాటింది. యూరియా కలిపారా, నీళ్లు కలిపారా అని వెతికినవారికి కల్తీ కన్నా ఎక్కువగా దొరికింది దాణా నుంచి వచ్చిన ఈ విషమే. పత్తి చెక్క తీసుకునేవారు కూడా ముక్క విరిచి వాసన చూడడం మానరాదు. పచ్చబూజు, ముక్క వాసన ఉన్నదాన్ని ఎండబెట్టినా విషం పోదు.

అడవి సరకు, యార్డు సరకు

యాంటీబయాటిక్‌లను చిన్న మోతాదులో మేతలో కలిపితే పశువు త్వరగా ఎదుగుతుందని 1950 ప్రాంతంలో కనుగొన్నారు. అప్పటి నుంచి అవే ఈ మార్కెట్‌లో పెద్ద సరకు. స్వీడన్ 1986లో నిషేధించింది. ఐరోపా సమాఖ్య 2006 జనవరి 1 నుంచి ఆపింది. మన ప్రభుత్వం 2019 జులైలో కోలిస్టిన్‌ను ఆహార జంతువులకు వాడరాదన్నది. మనుషులకు మిగిలిన ఆఖరి మందుల్లో అదొకటి కావడమే కారణం. ఆ ఖాళీలోకి సేంద్రియ ఆమ్లాలు, మేలు చేసే సూక్ష్మజీవుల పొడులు, మూలికలు వచ్చాయి.

మూలికల దగ్గర కథ మళ్లీ భద్రాచలం చేరుతుంది. కోళ్ల కాలేయపు టానిక్కుల పట్టికలు చదివితే కరక్కాయ, ఉసిరి, నేలవేము, నేల ఉసిరి, ఉత్తరేణి, వేప. సగం పేర్లు కోయ గూడేల సంతలో వినిపించేవే. కరక్కాయ వంటి అటవీ ఫలసాయాన్ని కొనడానికి గిరిజన సహకార సంస్థ 1956లో ఏర్పడింది. కేంద్రం 2013-14లో చిన్నతరహా అటవీ ఉత్పత్తులకు కనీస మద్దతు ధర పథకం పెట్టింది. అయినా సంతలో కరక్కాయ కిలోల్లో కాయగానే అమ్ముడవుతుంది. సీసాలో అది మిల్లీలీటర్లలో తిరిగి వస్తుంది. మధ్యలో జరిగే పని ఎండబెట్టడం, పొడి చేయడం, సారం తీయడం, ఎంత సారం ఉన్నదో కొలవడం. ఈ నాలుగింటిలో చివరిదానికే ఎక్కువ ధర, అదే ఇక్కడ లేదు. కొనేవాడికి కూడా నష్టం అక్కడే. ఖనిజ మిశ్రమానికి ఐ.ఎస్. నెంబరు ఉంది. మూలికా టానిక్కుల్లో చాలావాటి లేబుల్ మీద మొక్కల పేర్లుంటాయి గాని పనిచేసే పదార్థం ఎంత శాతమో ఉండదు. మూలిక పనిచేయదని ఈ విలేకరి అనడం లేదు. ఎంత ఉన్నదో చెప్పని సరకుకు ధర కట్టడం ఎలా అన్నదే ప్రశ్న.

మిరపది ఇంతకన్నా మెరుగైన ఉదాహరణ. ఖమ్మం యార్డులో పేరున్న తేజ రకానికి గిరాకీ దాని ఘాటు వల్ల. ఆ ఘాటుసారాన్ని తీసే పరిశ్రమ కేరళలో కొచ్చి పరిసరాల్లో ఉంది, చైనా కూడా ఇందుకే కొంటుంది. మిరప సారాన్ని పైపూత వేసి దాల్చిన, లవంగ నూనెల మూలపదార్థాలతో కలిపి ఐరోపాలో కోళ్ల మేతకు అమ్ముతారు. పక్షులకు మిరప ఘాటు తెలియదు. వాటి నాలుక మీద ఆ మంటను పట్టే గ్రాహకం మన దానిలా పనిచేయదు. చిలుక పండు మిరపకాయను హాయిగా తినడం అందుకే. టన్ను మేతకు ఈ సారం గ్రాముల్లోనే పడుతుంది కనుక, ఇది మిరప గిరాకీని ఎగదోస్తుందని ఆశ పెట్టడం తప్పు. 2017 ఏప్రిల్‌లో ధర కూలి ఖమ్మం యార్డులో రైతుల కడుపుమంట కార్యాలయం అద్దాల మీద పడిన రోజులు మరచిపోలేదు. అటువంటి పంటను కోడి మేత ఆదుకోలేదు. కాని మిరపను ఎరుపు చూసి కాక ఘాటు కొలిచి కొనే వ్యాపారి ఒకడు ఉన్నాడని, ఆ కొలత తన చేతిలో కూడా ఉంటే బేరం వేరుగా ఉంటుందని రైతుకు తెలియాలి.

అశ్వారావుపేట ప్రాంతంలో ఆయిల్‌పామ్ ఉంది. అశ్వారావుపేటలోనూ, దమ్మపేట మండలం అప్పారావుపేటలోనూ ఆయిల్‌ఫెడ్ ఫ్యాక్టరీలు ముడి నూనె తీస్తాయి. పామ్ నూనె శుద్ధిలో వెలువడే కొవ్వు ఆమ్లాలను కాల్షియంతో కలిపితే ‘బైపాస్ ఫ్యాట్’ అవుతుంది. ఈనిన కొత్తలో ఎక్కువ పాలిచ్చే పశువులకు రోజుకు 100 నుంచి 200 గ్రాములు పెట్టే ఖరీదైన పొడి ఇది. దీని ముడి సరకు ఇప్పటికీ ఎక్కువగా మలేషియా, ఇండోనేషియాల నుంచే వస్తున్నది. మూడు లీటర్ల గేదెకు మాత్రం ఈ పొడి దండగ.

ఇక ముందు చూడవలసిన సరకు డి.డి.జి.ఎస్. మొక్కజొన్న, బియ్యం నుంచి ఇథనాల్ తీయగా మిగిలిన పిప్పి. 2023 తరువాత మొక్కజొన్న ఇథనాల్ పెరగడంతో ఇది మేత మిల్లులకు విరివిగా వస్తున్నది, మాంసకృత్తుల కోసం సోయాచెక్కకు పోటీ పడుతున్నది. పిండి పదార్థమంతా మద్యసారంగా పోతుంది కనుక మిగిలినవన్నీ ఇంచుమించు మూడు రెట్లు చిక్కబడతాయి. మాంసకృత్తులు కూడా, బూజు విషం కూడా. గింజలో 8 పి.పి.బి. ఉంటే పిప్పిలో 24. ఈ పిప్పి వాడకంతోపాటు బైండర్ అమ్మకాలు పెరుగుతాయని దాణా వర్తకులు అంచనా వేయడంలో ఆశ్చర్యం లేదు. పిప్పి చవకగా దొరికిందని సంబరపడే మిల్లు, దానిలో బైండర్ ఖర్చు కలిపి, పరీక్ష ఖర్చు కలిపి, అప్పుడు సోయాచెక్కతో పోల్చుకోవాలి.

ములకలపల్లి రైతు ఆ రోజు చివరికి 12 శాతం భాస్వరం ఉన్న సంచే తీసుకున్నాడు. లేబుల్ చదివి పెట్టమని అతడే అడిగాడు. రోజుకు ఎంత పెట్టాలో అడిగి, 50 గ్రాముల కొలత కోసం దుకాణంలో ఉన్న ఒక పాత మూతను తూకంలో పెట్టించి చూసుకుని, ఆ మూత కూడా పట్టుకుపోయాడు. రసీదు మీద సంచి బ్యాచ్ నెంబరు వేయమన్నప్పుడు మాత్రం దుకాణదారు కాస్త విసుక్కున్నాడు. అయినా వేశాడు.